ముక్కూ మొహం తెలియనివాడు

అన్నయ్యకి,

రెండు వీధుల అవతల కొట్టు పెట్టుకున్న తోడబుట్టినవాడికి స్టాంపు అంటించి ఉత్తరం రాసేది ఈ ఊరు మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. కవరు కొనడానికి వెళితే పోస్టాఫీసు గుమాస్తా చిరునామా చూసి, "ఇంత దగ్గరికి కవరెందుకమ్మా? ఓ కేక వేస్తే వినపడదూ!" అన్నాడు. కేకలు వేసీ వేసీ ఇక్కడిదాకా వచ్చామని ఆయనకేం తెలుసు? ఎదురుపడితే నేను అరుస్తాను, నువ్వు నవ్వుతావు. నువ్వు నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది, చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోతుంది. కాగితం చదువుతూ నువ్వు నవ్వుకున్నా నాకు కనపడదు. అందుకని ఇదే మేలనుకున్నాను.

అమ్మ కళ్ళ సంగతి వదిన నీకు చెప్పే ఉంటుంది. చెప్పకపోతే నేను చెబుతాను విను. ఇక బాగుపడేది లేదన్నాడు కంటి డాక్టరు. అమ్మకి ఎదురుగా ఉన్నది కనపడదు. చూపు నడిమధ్య మసి పూసినట్టుంటుందట, అంచులు మాత్రం మిగిలాయట. అందుకని నన్ను చూడాలంటే అమ్మ కిటికీవైపు తిరగాలి. నాతో మాట్లాడుతూ మొహం అటు తిప్పేసుకుంటే మొదట్లో అలిగిందనుకున్నాను. "ఏమ్మా, నా మొహం చూడాలని కూడా లేదా?" అని అడిగేశాను. "చూడ్డానికే తిరిగానే, మొద్దూ" అంది. బతుకంతా పటాల్లో పరిశుద్ధులకి సూటిగా చూసే కళ్ళు వేసిన మనిషి ఇప్పుడు ఓరగా తప్ప ఏదీ చూడలేదు. దేవుడు మంచి బహుమానమే ఇచ్చాడు.

ఇక అసలు సంగతి. చర్చి గుమ్మం పైన ఉండే ప్రభువు రాత్రి భోజనం పటం గుర్తుంది కదా, ఈ గదిలో, ఈ బల్ల మీదే తయారైంది. ఈ వానలకి పైకప్పు కారి నీళ్ళు దాని మీదుగా దిగాయి. ప్రభువు మొహం దక్కింది. ఆయన రొమ్మున ఆనుకున్న ప్రియశిష్యుడి మొహం మాత్రం ఉబ్బి, పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. అది నీ మొహమేనని ఊళ్ళో అందరూ అంటారు, నువ్వూ ఏనాడూ కాదనలేదు. మిగతా పటమంతా కొవ్వొత్తుల పొగకి నల్లబడి ఎవరు ఎవరో తెలియకుండా ఉంది. ఫాదరు గారు దాన్ని దింపించి మన ఇంటికి పంపించి, వెనకాలే తనూ వచ్చారు. కుర్చీ అంచున కూర్చుని చాలాసేపు వానల గురించి మాట్లాడారు. చివరికి, "పెద్దమ్మగారికి చూపు లేదు. మీరేమో పటాల్లో బట్టలు మాత్రమే వేస్తారు. మొహం ఎవరు వేస్తారమ్మా? కుదరకపోతే చెప్పండి, మొహమాటం వద్దు. మీ అన్నగారి కొట్లో ఇదే పటం అచ్చు వేసి చెక్కకి అతికించి ఇస్తున్నారు. తళతళలాడుతోంది. నీళ్ళు పడ్డా గుడ్డతో తుడిచేస్తే చాలట" అన్నారు.

"మీ అన్నగారి కొట్లో" అనగానే అమ్మ నాకు ఎదురుగా తిరిగింది. అంటే నన్ను చూడటం మానేసిందన్నమాట. నేను వేస్తానని చెప్పేశాను. మరమ్మతులు పూర్తయి చర్చి తలుపులు తీసేలోపు ఆ మొహం వేసి ఇస్తాను, ఇవ్వలేకపోతే ఏ కాగితం కావాలంటే ఆ కాగితం అతికించుకోండి అన్నాను. ఆయన అమ్మవైపు చూశారు. అమ్మ మొహం ఇంకా నాకు ఎదురుగానే ఉంది.

నీకు నవ్వొస్తోందని తెలుసు. బట్టలమ్మ మొహం వేస్తుందట! ఆ పేరు పెట్టింది నువ్వే. మన పనిలో పటాన్ని ఇద్దరు పంచుకుంటారు కదా, మొహం ఒకరిది, మొహానికి ముందయ్యే పనంతా ఇంకొకరిది. చెక్క పలకకి సుద్ద పూసి అరగదీసింది నేను. ఊపిరి బిగబట్టి బంగారు రేకు అతికించింది నేను. కొండలు, గోడలు, అంగీలు, ఆ అంగీల మడతలు, అన్నీ నేనే. తలకాయ రావాల్సిన చోట ఖాళీ వదిలి అమ్మకో నీకో అందించేదాన్ని. పరలోకంలో ఉన్నవాళ్ళందరికీ బట్టలు తొడిగాను కానీ ఒక్కరి మొహమూ నా చేత్తో వేయలేదు. నువ్వు ఈ పని వదిలి అచ్చుబొమ్మల కొట్టు పెట్టుకున్నాక కూడా అమ్మ నాకు నేర్పలేదు. అడిగితే ఏమందో తెలుసా? "నీకు అందరి మీదా మమకారమే. వీధికుక్క కుంటితే ఏడుస్తావు. అలాంటివాళ్ళ చేతికి మొహాలివ్వకూడదు. తెలిసినవాళ్ళనందరినీ తెచ్చి పటంలో కూర్చోబెడతారు" అంది. మరి అన్నయ్యో అంటే, "వాడికి ఎవరి మీదా లేదు. అందుకే నేర్పాను" అంది. ఇది నీకు పొగడ్తో తిట్టో నువ్వే తేల్చుకో. నాకు మాత్రం మొహం మీద తలుపు వేసినట్టయింది.

ఇప్పుడు ఆ తలుపు నేనే తోసుకుని వెళ్తున్నాను. అమ్మ నోటితో చెబుతుంది, నేను చేత్తో వేస్తాను. నీ సాయం అడగడానికి రాయలేదు. ఊళ్ళోవాళ్ళు చెప్పేలోపు నా ద్వారా తెలియాలని రాశాను, అంతే.

నీ చెల్లెలు,
బట్టలమ్మ


అన్నయ్యకి, మళ్ళీ నేనే.

నువ్వు జవాబు రాయలేదు. రాస్తావని అనుకోనూ లేదు. "దాన్ని ముక్కు కొలత సరిగ్గా చూసుకోమను" అని వదినతో కబురు పంపావట. మహా ఉపకారం చేశావు. ముక్కు దగ్గరే నా పీకల మీదికి వచ్చింది.

మొహానికి ముక్కే కొలబద్ద అని నీకు చిన్నప్పుడే తెలుసు, నాకిప్పుడు తెలిసింది. నుదురు ముక్కంత, ముక్కు కింద నుంచి గడ్డం చివరిదాకా ముక్కంత. అక్కడ వెంట్రుకవాసి తేడా వస్తే పరిశుద్ధుడు కాస్తా పగటివేషగాడిలా తయారవుతాడు. ఇక రంగు సంగతి అడగకు. మొహమంతా ముందు ముదురాకుపచ్చ బురద పులమమంటుంది అమ్మ. "ఇదేంటమ్మా, నూతిలోంచి తీసిన శవంలా ఉంది" అన్నాను. "అందరూ అక్కడి నుంచే మొదలు. వెలుగు తర్వాత వస్తుంది. చీకటి సరిగ్గా లేకపోతే వెలుగు దేని మీద నిలబడుతుంది?" అంది. ఆ బురద మీద పసుపు మట్టి పలచగా, అది ఆరాక ఇంకాస్త లేతగా, చోటు తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ ఎక్కాలి. రంగులోకి గుడ్డు సొన కలపడం ఒక్కటే నాకు ముందునుంచీ చేతనైన పని. సొనని ఈ అరచేతిలోంచి ఆ అరచేతిలోకి దొర్లించి, తడి ఆరాక పొరని గోళ్ళతో ఎత్తి పట్టి, చిల్లి పొడిచి గిన్నెలోకి జార్చడం. మీ ఇద్దరికీ అన్నేళ్ళు నేనే కదా చేసిపెట్టాను.

అన్నిటికన్నా కష్టం అమ్మ అడిగే ప్రశ్న. నేను సాధన కోసం మొహం వేసిన చిన్న పలకని ఎత్తి తన చెవి పక్కకి తెచ్చుకుంటుంది, కిటికీవైపు తిరుగుతుంది, ఓరకంట చూస్తుంది. "ఎవరిది?" అంటుంది.

"శిష్యుడిది."

"కాదు, పాలవాడిది. ఆ వేలాడే కింది పెదవి వాడిదే. గీకెయ్."

మర్నాడు మళ్ళీ, "ఎవరిది?"

"నాకు తెలియదమ్మా, ఒట్టు."

"నాకు తెలుసు. మీ నాన్నది. కళ్ళ కింద ఆ సంచులు చూడు. చచ్చి బతికిపోయిన మనిషిని మళ్ళీ ఎందుకు తెచ్చావే? గీకెయ్."

ఇంకోసారి పెద్దవయసు పరిశుద్ధుణ్ణి వేశాను, బారెడు గడ్డంతో. అమ్మ చూసి చూసి, "మీ వదినకి గడ్డం పెట్టినంత మాత్రాన దాగుతుందా?" అంది. నాకు నవ్వాగలేదు. అమ్మ కూడా నవ్వింది. ఆ గదిలో మేమిద్దరం కలిసి నవ్వి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తులేదు. వదినకి చెప్పకు.

అమ్మ దగ్గర ఒకే ఒక్క మెప్పు ఉంది, నీకూ తెలుసు. మొహం కుదిరితే "ముక్కూ మొహం తెలియనివాడు" అంటుంది. బయట ఆ మాట అంటే పరాయివాడనీ, నమ్మకూడనివాడనీ అర్థం. ఈ గదిలో అంతకుమించిన బహుమతి లేదు. దండం పెట్టేవాళ్ళకి తెలిసిన మొహం కనపడితే దండం అక్కడే ఆగిపోతుందట, తెలియని మొహమైతే దాన్ని దాటి చేరాల్సిన చోటికి చేరుతుందట. నీ మొహాలకి ఆ మాట ఎన్నోసార్లు అంది. పక్క బల్ల దగ్గర అంగీల మడతలు వేసుకుంటూ విని, నేనూ ఒక్కసారి అనిపించుకోవాలని మొహం వాచిపోయేదాన్ని. ఇప్పటికీ అంతే. చర్చి, ఫాదరు గారు, నీ అచ్చుబొమ్మ, అవన్నీ పైకి చెప్పే కారణాలు. నాకు కావలసింది ఆ ఒక్క మాట.

ఇంతవరకు రాసింది బాగానే ఉంది కదూ. ఇప్పుడు చదువు.

మొహం సాధన ఒకవైపు, పటం మీద మసి తుడవడం ఒకవైపు చేస్తున్నాను. దూది తడిపి, పాత వార్నీషు కొంచెం కొంచెంగా కరిగించి తీస్తున్నాను. ప్రభువు బయటికి వచ్చాడు, శిష్యులు ఒక్కొక్కరే వచ్చారు. అందరూ మనవైపు రెండు కళ్ళతో చూస్తారు. ఒక్కడే పక్కకి తిరిగి, గిన్నెలోకి చెయ్యి చాచి, ఒంటికన్నుతో ఉంటాడు. డబ్బుకి ఆశపడి ప్రభువుని శత్రువులకి అప్పగించినవాడు. వాడితో ఎవరూ చూపు కలపకూడదని, పొరపాటున కూడా దండం పెట్టకూడదని వాడికి పక్కమొహమే వేస్తారు. వాడి మీద మసి తుడుస్తూ పలక మీదికి వంగి ఉన్నాను. చర్చిలో గంటలు కొట్టే ఆయన, పని ఎంతవరకు వచ్చిందో చూసి రమ్మని ఫాదరు గారు పంపిస్తే, వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నిలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏంటయ్యా?"

"ఏం లేదమ్మా. కదలకండి, అలాగే ఉండండి. మీరూ ఆయనా పక్కపక్కన తోబుట్టువుల్లా ఉన్నారు."

"ఎవరూ?"

"అదిగో, పసుపు అంగీ ఆయన. ముక్కు మీద ఆ చిన్న బొడిపె, ముందుకొచ్చిన పై పెదవి. అచ్చు దించినట్టు మీరే!" అన్నాడు. అప్పుడు ఆ పసుపు అంగీ మనిషి ఎవరో తట్టినట్టుంది, నాలిక్కరుచుకుని, ఫాదరు గారు పిలుస్తున్నారంటూ వెళ్ళిపోయాడు.

అన్నయ్యా, తన పక్కమొహం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. అద్దం ఎదురుమొహమే చూపిస్తుంది. బట్టలు కుట్టే ఆమె కొట్లో మూడు రెక్కల అద్దం ఉంటే అక్కడికి వెళ్ళాను. రెక్క సర్దుకుని పక్కకి చూశాను. ఉన్నాడు. గడ్డం లేదు, అంతే. ఆమె టేపు పట్టుకుని "కొలతలు తీసుకోనా అమ్మా?" అని అడిగితే, అక్కడే, గుడ్డ ముక్కల మధ్య నిలబడి ఏడ్చాను.

ఆ పసుపు అంగీ వేసింది నేనే! మెడ దగ్గర గుండ్రంగా ఖాళీ వదిలి అమ్మ చేతికిచ్చింది నేనే. నా తల కోసం నేనే అంగీ కుట్టి ఇచ్చాను. ఇన్నేళ్ళూ ఆ గుమ్మం కిందినుంచే లోపలికి వెళ్ళి మోకాళ్ళ మీద నిలబడ్డాను. నువ్వేమో ప్రభువు రొమ్మున తల వాల్చుకుని, నేనేమో చెయ్యి చాచి. ఈ ఇంట్లో ఎవరు ఎవర్ని ఎక్కడ వదిలిపోయారో ఊరందరికీ తెలుసు, పటంలో మాత్రం తారుమారుగా ఉంది. నా పక్కనే కూర్చుని, నా చేత రంగులు నూరించుకుంటూ, నన్నే చూస్తూ అమ్మ ఈ పని చేసింది. అమ్మని అడగను. అడిగితే ఆ నోటి నుంచి వచ్చేది నేను తట్టుకోలేను. రేపు పొద్దున్నే ఆ మొహం గీకేస్తాను.

నీ చెల్లెలు,
బట్టలమ్మ (ఆ పసుపు అంగీ కూడా ఈమెదే)


అన్నయ్యా,

కత్తి ఆనించబోయి ఆగిపోయాను.

పొద్దుటి ఎండ పలక మీద ఏటవాలుగా పడింది. చెంప మీద ఆఖరి వెలుగు గీతలు వెంట్రుకల్లా లేచి కనపడ్డాయి. ఇన్నాళ్ళుగా అమ్మ నా చేత అవే వేయిస్తోంది కదా, ఇప్పుడు నాకు కంటికి ఆనతాయి. అమ్మ గీతలు కుడి పైనుంచి ఎడమ కిందికి దిగుతాయి. నావీ అంతే. కుడిచేతివాళ్ళందరివీ అంతే. ఈ చెంప మీదవి ఎదురు వాలు. ప్రభువు మొహం చూశాను, పక్కనున్న ముసలి శిష్యుడి మొహం చూశాను, అన్నీ అమ్మవే. ఈ ఒక్క మొహం ఎడమచేతిది.

ఈ ఇంట్లో ఎడమచేత్తో కుంచె పట్టి, ఆరని గీతల మీద ముంజెయ్యి ఆనించి చెరిపేసి, అమ్మ చేత మొట్టికాయలు తిన్నది ఒక్కడే.

నాకు ఎందుకు తట్టలేదో! నేర్చుకునేవాళ్ళకి మొదట ఇచ్చేది ఆ మొహమే. దానికి ఎవరూ దండం పెట్టరు, పాడైనా పాపం లేదు. ఆ పటం అయ్యేనాటికి నీకు మీసాలు కూడా సరిగ్గా రాలేదు. నీ మొట్టమొదటి మొహం అది. దానికి నేనే దొరికానా? నేను నీ కోసం గుడ్డు సొన చిల్లి పొడుస్తూ కిటికీ పక్కన కూర్చుని ఉంటే, తల ఎత్తకుండా పని చేసుకుంటూ ఉంటే, నువ్వు నన్ను చూసి వాణ్ణి వేశావు. నీ కుంచెలు కడిగింది కూడా నేనే.

ఒక్కటి అడుగుతాను. అమ్మ "ఎవరిది?" అని అడగకుండా ఏ మొహాన్నీ వదిలిపెట్టదు. పాలవాడిని వదల్లేదు, చచ్చిపోయిన నాన్నని వదల్లేదు. నీ మొదటి మొహాన్ని వదిలిందంటే నేను నమ్మను. అప్పుడు అడిగిందా? నువ్వేం చెప్పావు? దానికి అమ్మ ఏమంది? రాయి, లేదా కబురు పంపు, నీ ఇష్టం. వదినతో ముక్కు కొలతలు మాత్రం పంపకు. జవాబు వచ్చేదాకా కత్తి పక్కన పెడుతున్నాను.

నీ చెల్లెలు


అన్నయ్యకి,

నువ్వే వస్తావని అనుకోలేదు. వచ్చావు. గుమ్మంలో నిలబడి, లోపలికి అడుగు పెట్టకుండా, నావైపు తిరగకుండా, తలుపు గొళ్ళేన్ని ఆడిస్తూ దానితోనే మాట్లాడినట్టు మాట్లాడావు. "అడిగింది. నీదని చెప్పాను. 'ఉండనీలే, దానికి తెలిస్తే కదా' అని నవ్వింది. నేనూ నవ్వాను. ఏదో కుర్రతనం. దీనికింత రాద్ధాంతం ఎందుకే? కావాలంటే ఆ పటం కొత్తది అచ్చు వేసి ఊరికే పంపిస్తాను" అన్నావు. నువ్వు పక్కకి తిరిగి ఉన్నావు, నాకు నీ ఒక కన్నే కనపడుతోంది. అప్పుడు అరవాలని కూడా అనిపించలేదు.

లోపలి నుంచి అమ్మ "వాడేనా? ఆ గొంతు వాడిదేనా? లోపలికి రమ్మనవే" అని కేకేసింది, నువ్వు వినే ఉంటావు. వినపడలేదంటే కుదరదు, ఓ కేక వేస్తే వినపడే దూరమని పోస్టాఫీసు గుమాస్తాయే చెప్పాడు. నేను వెనక్కి తిరిగేసరికి అమ్మ మంచం మీద లేచి కూర్చుని గుమ్మానికి సూటిగా మొహం పెట్టుకుని ఉంది. అలా పెడితే తనకి ఏమీ కనపడదన్నది కూడా మర్చిపోయింది. ఇటు తిరిగేసరికి నువ్వు లేవు.

ఆ తర్వాత అడిగాను. అడగనని రాశాను కానీ అడిగాను.

"అమ్మా, పసుపు అంగీవాడి మొహం ఎవరిదో నీకు తెలుసుగా?"

"నీదే" అంది, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా.

"మరి గీకించలేదేం? అందరివీ గీకిస్తావుగా!"

"కుదిరింది కదే. అప్పగించేవాడు దొంగమొహంతో ఉంటే బల్ల దగ్గర ఎవరు కూర్చోనిస్తారు? చూడగానే నమ్మేలా ఉండాలి. ఈ ఇంట్లో అలాంటి మొహం నీదొక్కటే."

కిటికీవైపు తిరిగి అంది ఆ మాట. అంటే నన్ను చూస్తూ అంది. మెచ్చుకుందో, ఎగతాళి చేసిందో, ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

"సరే, అది వాడు వేశాడు. శిష్యుడి మొహం నువ్వు వేశావు. అది ఎవరిది? నిన్నెవరైనా అడిగారా?"

"నన్నడిగేవాళ్ళెవరు?" అని గద్దించింది. దుప్పటి అంచు నలిపింది. తర్వాత నెమ్మదిగా, "వద్దనే అనుకున్నానే. వేస్తుంటే వాడే వచ్చాడు. గీకాను, మళ్ళీ వాడే. విసిగిపోయి వదిలేశాను. నేను తప్పు వేసిన మొహం అదొక్కటే" అంది.

"నేనెప్పుడైనా వచ్చానా అమ్మా, నీ చేతిలోకి?"

"నువ్వెందుకొస్తావు? వాడు ఎప్పటికైనా పోతాడని నాకు అప్పుడే తెలుసు. పోయేవాళ్ళే చేతిలోకొస్తారు. నువ్వు పక్కనే ఉన్నావు కదే."

ఇంతే. మందు ఇచ్చే వేళయితే ఇచ్చాను, దుప్పటి కప్పాను. నీకు ఎవరి మీదా మమకారం లేదని అమ్మ అన్నది కదా. తన మమకారమంతా ఎక్కడ పెట్టుకుందో ఆ పెచ్చులూడిన చెక్కని చూస్తే తెలిసింది. దానికి నేను అంగీ తొడిగాను.

మర్నాటి నుంచి ఏమైందో చెబుతాను, నీకు ఆ పని తెలుసు కాబట్టి అర్థమవుతుంది. నీ మొహంలో మిగిలిన పెచ్చులన్నీ కత్తితో లేపేశాను. తెల్లటి సుద్ద బయటపడేదాకా గీకాను. మళ్ళీ సుద్ద పూశాను, అరగదీశాను, ఆకుపచ్చ బురద పులిమాను. వెలుగు ఎక్కిస్తూ, ఇప్పుడెవరు వస్తారా అని చూశాను. ఎవరూ రాలేదు. పాలవాడు రాలేదు, నాన్న రాలేదు, వదిన రాలేదు. నువ్వు వస్తావేమోనని భయపడ్డాను, నువ్వూ రాలేదు. చెయ్యి తన పాటికి తను వెళ్ళింది. ముక్కంత నుదురు, ముక్కంత గడ్డం, కంటి కింద సన్నటి వెలుగు. లోపల ఎండిపోయిన నూతిలా ఉంది నాకు. మమకారం ఉన్నవాళ్ళకి ఈ పని రాదని అమ్మ చెప్పింది నిజమే అన్నయ్యా. నాకు పని వచ్చేసింది. వీధిలో ఓ కుంటికుక్క ఎదురైతే దానికేసి చూసి నా దారిన నేను వెళ్ళిపోయాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, ఏడవలేదని. అందుకు ఏడుద్దామనుకున్నాను, అదీ రాలేదు.

పసుపు అంగీవాణ్ణి కూడా గీకేశాను. వాడికి కొత్త పక్కమొహం వేశాను. ఆ ముక్కు ఎవరిదీ కాదు, ఆ పెదవి ఎవరిదీ కాదు. అంగీ మాత్రం పాతదే ఉంచాను, మడతలు బాగా కుదిరాయి.

నిన్న ఆరాక పలకని అమ్మ దగ్గరికి తీసుకెళ్ళి పక్కన ఎత్తి పట్టుకున్నాను. అమ్మ గోడవైపు మొహం తిప్పుకుంది. గంటలాయన సాయం పట్టడానికి వచ్చి ఉన్నాడు, అది చూసి "అయ్యో, పెద్దమ్మగారికి నచ్చలేదా?" అని గొణిగాడు. నేను మాట్లాడొద్దని సైగ చేశాను. అమ్మ అలా గోడకేసి తిరిగి, ఓరకంట, చాలాసేపు చూసింది.

"ఎవరిది?" అంది.

నేను పలకని ఇంకాస్త వెలుగుకి తిప్పి పట్టుకున్నాను.

మళ్ళీ చూసింది. పెదాలు కదిపింది. "ముక్కూ మొహం తెలియనివాడు" అంది.

ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళ నుంచో ఎదురుచూశానని నీకు రాశాను కదా. అది చెవిలో పడింది. సంతోషించడానికి ఊపిరి తీసుకుంటున్నాను, అంతలోనే అమ్మ చెయ్యి గాలిలోకి చాచి పలక ఎక్కడుందా అని వెతుక్కుంటూ, "మరి వాడేడే?" అంది.

"గీకేశానమ్మా."

చెయ్యి కిందికి దించుకుంది. "నువ్వు?"

"నన్నూ గీకేశాను. ఆ బల్ల దగ్గర ఇప్పుడు మన ఇంటివాళ్ళెవరూ లేరు."

అమ్మ నాకు ఎదురుగా తిరిగింది. రెండు కళ్ళూ నా మొహం మీదే ఉన్నాయి, రెంటికీ నేను కనపడటం లేదు. అలాగే ఉండి, "అయితే పంపించెయ్. ఇక అది మనది కాదు" అంది.

ఇవాళ పొద్దున పైకెక్కించారు. ఫాదరు గారు కిందనుంచి చూసి చాలా బాగుందన్నారు, తళతళ లేదని మాత్రం కొంచెం బాధపడ్డారు. చర్చి తలుపులు తీశారు, ఎవరో ముసలాయన తల ఎత్తి శిష్యుడికేసి చూసి, గుర్తుపట్టకుండా దండం పెట్టుకుని లోపలికి వెళ్ళాడు. చూడాలనిపిస్తే నువ్వూ వెళ్ళి చూడు. ముందు ఇంటికి వచ్చి అమ్మ మంచం పక్కన, ఎదురుగా కాకుండా ఓ వారగా కూర్చో, అక్కడైతే కనపడతావు. ఏ మొహం పెట్టుకుని వస్తావో నీ ఇష్టం. పటంలో ఉన్నది నేను తీసేశాను.

మొహాలు వేసేవాళ్ళు కింద పేరు రాయరు కదా, నేనూ రాయడం లేదు. ఎవరు రాశారో నీకు తెలుసు.